పోగు తెగితే సాంచ ఆపేవాడు

ఆయన సిరిసిల్ల నుంచి వచ్చి సూరత్‌లోని డిండోలిలో మరమగ్గం, ఆయన మాటల్లో సాంచ, నడిపేవాడు. మా ఆసుపత్రిలో మందులిచ్చే నాకు తెలుగు వచ్చని నా కిటికీ దగ్గరే నిలబడేవాడు. మాట్లాడుతున్నంతసేపూ తెగిన పోగు వెతుకుతున్నట్టు రెండు వేళ్లతో మెడ తడుముకునేవాడు. అక్కడ టీబీ గడ్డ ఉండేది. టీబీ మందులతో అది తగ్గుతుండగా, హెచ్‌ఐవీ కూడా ఉండటంతో ఆ మందులూ మొదలుపెట్టాం. మూడు వారాలకు జ్వరంతో వచ్చాడు. గడ్డ నిమ్మకాయంత అయింది.

"కొత్త గోలీలు బంద్ చేసిన అక్కా. పోగు తెగితే ముందుగాల సాంచ ఆపాలె గద."

కొత్త మందులతో ఒంట్లో శక్తి తిరిగొచ్చి టీబీ క్రిములతో కలబడుతోందని, అందుకే గడ్డ వాచిందని, డాక్టరు చెప్పకుండా మందులు ఆపకూడదని చెప్పాను.

ఆయన వేళ్లు మెడ మీదే ఆగిపోయాయి.

"బాగైతున్నందుకే గిట్లయిందా? గీ ముచ్చట మొదలే చెప్తే ఆపకపోతుంటి గద."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది. డాక్టరు మళ్లీ మందులు మొదలుపెట్టించారు. రెండు నెలలకు గడ్డ తగ్గింది, ఆయన పనిలోకి వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఈ రెండు రకాల మందులూ వాడే ప్రతి ఒక్కరికీ కవరు చేతికివ్వకముందే గడ్డ వాచే సంగతి చెబుతాను. మొన్న అలా చెబుతుంటే కిటికీ అవతలి ఆడమనిషి నా చేతి వైపే చూస్తూ మెల్లగా అడిగింది.

"నీక్కూడ ఉన్నదా అక్కా?"

నా రెండు వేళ్లూ నా మెడ మీద ఉన్నాయి.