చలికాలంలో పూసిన కంపు

కొన్నాళ్లుగా ఆ ఇంట్లో కంపు కొడుతోంది. బాల్కనీలో ఉన్న కుండీల్లో మాత్రం ఒక్కటీ పూయలేదు. ఈ సంగతి కోడలికి ఒక్కదానికే తెలుసు. తెలిసినప్పటి నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు.

మామూలు ఇల్లయితే కంపు రాగానే ఎలుక చచ్చిందేమోనని మంచాల కింద వెతుకుతారు. ఈ ఇంట్లో వెతకరు, ఎందుకంటే కోడలికి కంపు పూల పిచ్చి. మల్లెలూ గులాబీలూ లోకమంతా పెంచుతుంది. ఈ మహాతల్లి మాత్రం కుళ్లిన మాంసంలా కంపు కొట్టే పూల మొక్కల్ని వాళ్లనీ వీళ్లనీ బతిమాలి తెచ్చి బాల్కనీ నిండా పెట్టుకుంది. వాటికి ఆకులుండవు. వేలంత లావున పలకలు తేలిన కాడలే. కాడ మొదట్లో మొగ్గ బుడగలా ఉబ్బి ఉబ్బి ఐదు రేకులుగా విచ్చుకుంటుంది. అరచేయంత పువ్వు, కమిలిన రంగు, పైన సన్నటి నూగు. చూడ్డానికి ఎంత అందమో వాసనకు అంత దరిద్రం. ఈగలు దాన్ని మాంసమనుకొని నడిమధ్య గుడ్లు పెట్టి మరీ పోతాయి.

లాండ్రీ షాపులో బట్టలు తీసుకునే కౌంటర్ దగ్గర ఆమె ఉద్యోగం. పొద్దస్తమానం సబ్బు వాసనా సెంటు వాసనా పీల్చి ఇంటికొచ్చే మనిషికి, నిజాయతీగా కంపు కొట్టేది ఒకటుంటే ప్రాణానికి హాయిగా ఉంటుందని ఆమె వాదన. లిఫ్టులు బాగుచేసే మొగుడు ఆ వాదన విని నోరు మూసుకున్నాడు. దాంతోపాటు ముక్కూ మూసుకున్నాడు. పై వాటా టీచరమ్మ మాత్రం కిటికీ తలుపు తీసి, "పూసిందా తల్లీ?" అని కేకేసేది. ఆ మాట మెల్లగా ఇంట్లోకి దిగింది. పాలు విరిగినా "పూసింది", మురుగు పైపు పొంగినా "పూసింది", మొగుడు బూట్లు విప్పినా "పూసింది". ఆ మాట అనుకొని, నవ్వుకొని, ఎవరి పనిలో వాళ్లు పడిపోయేవాళ్లు.

అత్తగారు మొదట్లో ఆ కుండీలను చూసి కారాలూ మిరియాలూ నూరింది. ముక్కుసూటి మనిషి. "ఇవుండాలో నేనుండాలో తేల్చుకో" అనేసింది. అలాంటావిడ వానలు వెనకబట్టిన దగ్గర్నుంచి ఎందుకో మెత్తబడింది. కుర్చీ బాల్కనీలోకి మార్పించుకుంది. తర్వాత ఏది పూస్తుందని అడిగేది. ఇంతకన్నా పెద్ద పువ్వు పూసేది లేదా అని కూడా అడిగింది. కోడలు ఉబ్బితబ్బిబ్బయింది. పెళ్లైన ఇన్నేళ్లకు తన ఇష్టం అత్తకూ ఇష్టమైందని, కంపులో అన్నిటికీ తలదన్నే రకాన్ని ఎక్కడో పట్టుకొచ్చి ఆవిడ కుర్చీ పక్కనే పెట్టింది.

అదంతా చలి ముదరక ముందు. చలిలో ఈ మొక్కలు మొద్దు నిద్ర పోతాయి, మొగ్గే తొడగవు. మరి ఈ కంపెక్కడిది? కాడలు లోపల్లోపల కుళ్లాయేమోనని కోడలు ఒక్కో మొక్కనూ పెళ్లగించి చూసింది. వేళ్లు శుభ్రంగా ఉన్నాయి. మొగుడి చేత బీరువా జరిపించింది. పైపుల దగ్గర వంగి వాసన చూసింది. ఏమీ లేదు. అయినా కంపు వస్తూనే ఉంది, గదిలోంచి గదిలోకి మారుతూ కూడా ఉంది. ఆ మారడమే ఆమెకు భయం పుట్టించింది.

"ఏం వెతుకుతున్నావే అంతలా? ఏదో పూసుంటుంది" అంది అత్తగారు.

"ఏదీ పూయలేదత్తయ్యా."

"నీకు కనపడలేదేమో. ఏ కుండీ చాటునో ఉండుంటుంది."

మొగుడు అద్దం ముందు తల దువ్వుకుంటూ, "పూసినా పూయకపోయినా మనింటి వాసన ఇదేగా" అన్నాడు. అది పెద్ద జోకేమీ కాదు. అత్తగారు మాత్రం పగలబడి నవ్వింది. ఆ నవ్వు కోడలికి నచ్చలేదు. ఆవిడకు షుగరు. చలి పేరు చెప్పి పగలూ రాత్రీ కాళ్లకు సాక్సు విప్పడం లేదు. ఈ మధ్య వాటిని ఉతకడానికి కూడా వేయడం లేదు. ఈ రెండూ ఇన్నాళ్లూ తనకెందుకు తట్టలేదా అని ఆమె తల పట్టుకుంది.

మర్నాడు కుండీలు ఎండలోకి జరుపుతుంటే పెద్ద మొక్క వెనక ఒక సాక్సు ఆరేసి కనిపించింది. చేతిలోకి తీసుకుంది. బొటనవేలి దగ్గర అట్టకట్టి ఉంది. నీళ్లలో జాడించినా పోని పసుపు మరక, దాని చుట్టూ గోధుమ రంగు అంచు. చెమట మరక ఇలా ఉండదు. నూనె మరకా ఇలా ఉండదు. షాపులో ఇలాంటి మరకతో బట్ట వస్తే, ఇంట్లో ఎవరికి పుండని అడిగి దాన్ని విడిగా పెడుతుంది. సాక్సు పట్టుకునే లోపలికెళ్లి, మంచం మీదున్న అత్తగారి కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది.

"కాలు చూపించండి అత్తయ్యా."

"నా కాలుతో నీకేం పని?"

"చూపించండి."

"చలేస్తోందంటే వినవేం? ఆ వాసన నీ పూలదే."

"నా పూల వాసన నాకు తెలుసు. ఇది వాటిది కాదు."

అత్తగారి మొహం వాడిపోయింది. కాళ్లు దుప్పట్లోకి లాక్కుంది. "మా అక్కకీ ఇలాగే ముందు వేలన్నారు. వేలు తీసి మడమన్నారు. మడమ తీసి మోకాలన్నారు. చివరికి మనిషే దక్కలేదు. నేను ఆస్పత్రికి రాను. నువ్వు వాడితో అనకు" అంది. తర్వాత గొంతు తగ్గించి బేరం పెట్టింది. "నీ పూల జోలికి ఎవరూ రాకుండా నేను చూసుకుంటా. ఇన్నాళ్లూ చూసుకోలేదూ?"

అప్పుడు అర్థమైంది కోడలికి, ఆ కుర్చీ బాల్కనీలోకి ఎందుకొచ్చిందో, ఇంకా పెద్ద పువ్వు ఎందుకు కావాల్సొచ్చిందో. సిగ్గుతో ఆమె చితికిపోయింది. కోపమొచ్చింది. ఆ రెండిటికన్నా ఎక్కువగా భయమేసింది. దుప్పటి తొలగించి సాక్సు లాగింది. బొటనవేలు నల్లబడింది, పక్కవేలు అదే దారిలో ఉంది. గుడ్డ అంటుకుపోయిన చోట లాగినా అత్తగారు చిన్న మూలుగు కూడా మూలగలేదు. నొప్పే లేదట. చచ్చిన వేలికే నొప్పి ఉండదని కోడలికి తెలుసు. వెంటనే మొగుడికి ఫోన్ చేసింది.

ఆస్పత్రిలో డాక్టరు మాస్కు సర్దుకుంటూ కాలు చూశాడు. "ఇంత వాసన వస్తుంటే ఇంట్లో ఒక్కరికీ అనుమానం రాలేదా?" అని అడిగాడు. మొగుడు తలదించుకున్నాడు. పూలదనుకున్నామని చెబితే ఆయనకేం అర్థమవుతుంది అనుకుంది కోడలు.

"వాళ్లనేమీ అనకండి డాక్టరుగారూ. వాళ్లకు తెలియకుండా నేనే దాచాను" అంది అత్తగారు.

రెండు వేళ్లూ ఇవాళే తీసేయాలన్నాడు ఆయన. పాదం నిలుస్తుందో లేదో లోపల చూస్తే గాని చెప్పలేనన్నాడు. చీర మార్చి ఆకుపచ్చ గౌను తొడిగి అత్తగారిని ట్రాలీ మీద పడుకోబెట్టారు. మొగుడు మందులు తేవడానికి పరుగెత్తాడు. వరండాలో ఇద్దరే మిగిలారు. అడగాల్సిన సమయం కాదని తెలిసీ కోడలు ఉండబట్టలేకపోయింది.

"ఆ పెద్ద పువ్వైనా మీకు నచ్చలేదా అత్తయ్యా?"

అత్తగారు కప్పు వంక చూస్తూ, "ఛీ. దాని పక్కన కూర్చున్నప్పుడల్లా కడుపులో తిప్పేది" అంది.

కోడలికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ అది చూసిందో లేదో.

"కాలు పోతే నన్ను ఎవరు చూస్తారే?"

"నేను చూస్తాను."

"కట్లు మార్చాలి. ఎన్నాళ్లో చెప్పలేం. కంపు కొడతాను."

"కొట్టండి. నేను పెంచేవే కంపు కొట్టేవి కదా."

అత్తగారు నవ్వలేదు. కోడలి మణికట్టు గట్టిగా పట్టుకుంది. లోపలికి తీసుకెళ్లడానికి వచ్చిన మనిషి వదలమ్మా వదలమ్మా అని ఎంత చెప్పినా ఆ చెయ్యి వదల్లేదు.