ఒకే పెట్టెలోని ఇరవై డిస్కులు

హైదరాబాద్ హోల్‌సేల్ బజారులో కొత్త హార్డ్ డిస్కు మీద నాలుగు వందల యాభై రూపాయలు తగ్గించిన మొనగాడు నల్గొండ జిల్లాలో నేను కాక ఇంకెవరైనా ఉంటే చూడాలని ఉంది. అదీ ఒకటి కాదు, ఇరవై డిస్కుల మీద. 2018లో, నల్గొండలో కంప్యూటర్ దుకాణం పెట్టిన నాలుగో ఏట కొట్టిన బేరం అది. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ అరచేతులకు చెమట పడుతుంది.

డిస్కులున్న అట్టపెట్టె మూల లోపలికి నొక్కుకుపోయి ఉంది. నా కన్ను దాని మీదే పడింది. సొట్ట పడ్డ నూనె డబ్బా అగ్గువకు వస్తుంది, లోపల నూనెకు ఏమీ కాదు. దుకాణదారుల ఇంట పెరిగినవాడికి ఇంతకన్నా పెద్ద చదువు అక్కర్లేదు.

“సేటూ, పెట్టె దెబ్బ తిన్నది. గీ రేటుకు ఎవడు కొంటడు?”

“లోపల సీల్ పదిలంగా ఉంది భాయ్. భయమైతే వేరే పెట్టెలకెళ్లి ఏరుకో.”

“ఏరుకునుడు నాకొద్దు. పెట్టెకు పెట్టె ఇయ్యి, అంతా ఒకే లాటు ఉండాలె. రేటు మాత్రం నేను చెప్పిందే.”

“తీస్కపో. మళ్ల వాపస్ అంటే మాత్రం ఇటు రాకు.”

ఒకే లాటు మీద ఆ పట్టుదల మా బాపు నుంచి వచ్చింది. రామన్నపేటలో బాపుది నూలు, రంగుల దుకాణం. చీరకు కావలసిన రంగంతా ఒకే లాటులో, అంటే ఒకే విడతలో తయారైన సరుకులో కొనాలి, లాటు మారితే చీర నడుమ రంగు తేడా కొడుతుంది. లాటు కలపకూడదన్నది నేను అక్షరాల కంటే ముందు నేర్చుకున్న సంగతి. ఆ తెలివినే డిస్కులకూ వాడాను.

మొదటి రెండు డిస్కులు పోచంపల్లిలో యాదమ్మక్కకు పెట్టాను. బాపు కాలం నుంచి మాకు ఎరికైన మనిషి. ఆమె ఇక్కత్ చీరలకు గ్రాఫులు గీస్తుంది. నూలులో ఏ పోగుకు ఎక్కడ ముడి వేసి రంగులో ముంచాలో చెప్పే గళ్ల కాగితం అది. ఆమె గీసిన రెండు వందల పద్నాలుగు గ్రాఫులనూ స్కాన్ చేయించి కంప్యూటర్‌లోకి ఎక్కించాను. “కాగితాలు ఇంకెందుకక్కా, చెదలు తింటయి” అని తూకానికి అమ్మించింది కూడా నేనే. భద్రత కోసం మిర్రరింగ్ పెట్టాను. అంటే రాసిన ప్రతిదీ రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పడుతుంది. ఒకటి చచ్చినా రెండోది బతికి ఉంటుంది.

ఏడాదిన్నర తర్వాత ఒక పొద్దున అక్క ఫోన్ చేసింది. “తమ్మీ, కంప్యూటర్ల నుంచి టిక్కు టిక్కుమని సప్పుడొస్తాంది. ఎర్ర అక్షరాలు పడ్డయి.”

వెళ్లి చూస్తే ఒక డిస్కు పోయింది. కొత్తది పెట్టి రెండోదాన్నుంచి అంతా ఎక్కిస్తే సరి అనుకుంటూ డబ్బా విప్పాను. అప్పుడు రెండింటి సీరియల్ నంబర్లు పక్కపక్కన కనిపించాయి. చివరి అంకె ఒక్కటే తేడా. కొత్త డిస్కును పక్కన పెట్టేశాను.

హార్డ్ డిస్కు లోపల అద్దంలాంటి పళ్లేలు గిర్రున తిరుగుతుంటాయి. వాటి మీద, వెంట్రుక కూడా దూరనంత ఎత్తులో, చదివే ముల్లు తేలుతూ ఉంటుంది. ఒకే ఫ్యాక్టరీ, ఒకే వారం, ఒకే రకం బేరింగులు, ఒకే ఓడ, ఒకే లారీ. ఆ దారిలో ఎవరి చేతిలోంచో పెట్టె మూల మీద పడింది. ఒకటి తిన్న దెబ్బే రెండోదీ తిన్నది. కవలలు ఒకే రోగంతో ఉన్నారు, ఒకరు పోయారు. ఇప్పుడు రెండోదాన్ని మొత్తం చదివిస్తే ఆ శ్రమకే అది పోవచ్చు.

“అక్కా, జర జల్ది చెప్పు. ఏవి ముందుగాల తీయాలె?”

“గదేం మాట? అన్నీ కావాలె.”

“అన్నీ అని కూసుంటే ఒక్కటి గూడ రాదేమో.”

ఆమె నా మొహం చూసింది. నా బేరాల కూతలన్నీ విన్న మనిషి, ఆ రోజు నా గొంతు విని తలుపు దగ్గరున్న కుర్చీ లాక్కుని కూర్చుంది. “ఆరు మగ్గాలకు నూలు సగం ముడులేసి ఉన్నది. గా గ్రాఫులు లేకుంటే అంతా చెత్తల పారేసుడే. అవి తియ్యి. ఎనుక నిరుటివి. నేను మొదాల గీసినవి ఆఖరుకు.”

ఒక్కో ఫైలు తీస్తున్నాను. ఫ్యాను ఆపేశాను, దాని చప్పుడులో టిక్కు వినబడదని. ఆరు మగ్గాలవీ వచ్చాయి. నిరుటివి వచ్చాయి. నూటా ఎనభై మూడోది దాటగానే డిస్కు లోపల గోరుతో గీకినట్టు శబ్దమైంది, ఆగింది, మళ్లీ గీకింది. తెర మీద కదులుతున్న గీత నిలిచిపోయింది. ప్లగ్గు పీకేశాను. అక్క కుర్చీలోంచి లేచి వచ్చింది.

“పోయినయా?”

“పోయినయక్కా.”

“తెలివిగల్లోడివని కాగితాలు నీ మాట మీద అమ్మితి గదరా” అంది. తిట్టినా బాగుండేది.

భయం అక్కడితో ఆగలేదు. ఆ పెట్టెలో మిగిలిన పద్దెనిమిదిలో పన్నెండు, ఇలాగే జంటలుగా ఆరు చోట్ల తిరుగుతున్నాయి. ఒకటి చిట్‌ఫండ్ ఆఫీసు, ఒకటి రక్తపరీక్షల ల్యాబు. ఫోన్ మోగితే ఉలిక్కిపడేవాణ్ణి. నోరు మూసుకుని కూర్చోవచ్చు, కూర్చోవాలనీ అనిపించింది. మూడు రోజులు కూర్చున్నాను కూడా. నాలుగో రోజు స్క్రూడ్రైవరు పట్టుకుని, ప్రతి జంటలో ఒకదాన్ని నా ఖర్చుతో మార్చడానికి ఒక్కొక్కరి గడపా ఎక్కాను. ల్యాబాయన “మంచిగ నడుస్తున్నదాన్ని ఎందుకు ఇప్పుతవయ్యా?” అన్నాడు. పెట్టె మూల సంగతి చెప్పాను. ఆ తర్వాత ఆయన నా దగ్గర మౌసు కూడా కొనలేదు. సీసీ కెమెరాల్లో ఒంటరిగా పెట్టిన ఆరింటి యజమానులకూ చెప్పి వచ్చాను.

ఇప్పుడు జంట డిస్కులు పెడితే రెండు కంపెనీలవి, ఇద్దరు డీలర్ల దగ్గర కొంటాను. మూడో కాపీ వేరే ఇంట్లో ఉండాలంటాను. మిర్రరింగ్ ఉన్నంత మాత్రాన కాపీ ఉన్నట్టు కాదని నేర్చుకోవడానికి నాకైన బిల్లు ఇది. బేరంలో మిగిలింది తొమ్మిది వేలు. ఆరు జంటలకు ఒక్కోటి, అక్కకు రెండు, ఎనిమిది కొత్త డిస్కులకు ఇరవై ఏడు వేల రెండు వందలు. చచ్చిన డిస్కును హైదరాబాద్‌లో విప్పి చూసినవాళ్లకు పదిహేను వేలు, వాళ్లు ఏమీ తీయలేకపోయారు. నికరంగా నష్టం ముప్పై మూడు వేల రెండు వందలు. గ్రాఫులు పోయినవి ముప్పై ఒకటి. యాదమ్మక్క యాది చేసుకుని తిరిగి గీసినవి తొమ్మిది. రానివి ఇరవై రెండు.