మొదటి పాఠం దాటని పుస్తకాలు

బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో నేను వంట చేసే ఇంట్లో ఆదివారాలు నలుగురు పిల్లలు చేరేవారు. పదహారేళ్లవాళ్లు. బడి చదువు తమకు చాలదట, ఎమ్మెస్సీవాళ్ల ఫిజిక్సూ లెక్కలూ సొంతంగా నేర్చుకుంటారట. టీవీలో వీడియో పెట్టుకుని తలలూపడం, నా చేత దోసెలు వేయించుకోవడం, అదీ వాళ్ల నేర్చుకోవడం. యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని నేను. 'ఋ' రావడానికే నాకు వారం పట్టింది. వీళ్ల చేతిలో పెన్నే చూడలేదు.

పదో తరగతి చదివే నా మనవరాలికి వాళ్లతో కూర్చోవాలని ఆశ. ఒక ఆదివారం ఊరి బయట మేముండే జిగణి నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. వీడియో అయ్యాక అడిగింది.

"పాఠం చివర లెక్కలుండాయి కదన్నా, చేసినారా?"

"అవి ఎగ్జామ్ రాసేవాళ్లకి. మాకు కాన్సెప్ట్ చాలు," అన్నాడు ఆ ఇంటి అబ్బాయి. మిగతావాళ్లు నవ్వారు.

వాళ్ల పుస్తకాలు దులిపేది నేనే. మొదటి పాఠం తర్వాత ఒక్క పేజీ నలగలేదు.

"ఈ పుస్తకం మా పాపకిస్తావా అప్పా?"

"తీసుకోండి ఆంటీ, మాకది అయిపోయింది."

నెల దాటినా మనవరాలు మొదటి పాఠం లెక్కల్లోనే ఉంది. ఆదివారం మళ్లీ వస్తావా అన్నాను.

"ఆడికొస్తే చదువు చెడతాది, అవ్వా," అంది.