రాజకుమారుడు వెళ్ళిన మర్నాడు

మా అమ్మమ్మ బస్టాండు వెనకున్న లాడ్జిలో దుప్పట్లు, తాళాలు, వేడినీళ్ళు చూస్తుంది. పైన అద్దె గదులు, కింద మెట్ల పక్కన మా ఇద్దరికీ ఒక గది. పొద్దున స్నానానికి వేడినీళ్ళు కావాలంటే ఎంతటివాళ్ళయినా బకెట్ పట్టుకుని ఆవిడ బాయిలర్ ముందు వరసలో నిలబడాల్సిందే. ఆ వరసలో ముందుకు వెళ్ళడానికి డబ్బూ హోదా పనికిరావు. అమ్మమ్మ ఎన్నడూ వినని కథ ఒకటి చెప్పాలి. చెప్పినవాళ్ళ బకెట్ ముందు నిండుతుంది.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. మా లాడ్జిలో ఆ సామెత తలకిందులయింది. కథ రెండు అడుగులు వేసేసరికి అమ్మమ్మ అడ్డం పడుతుంది.

"ఎప్పుడూ చిన్నకొడుకే గెలుస్తాడేమండీ? పెద్దాడికేం రోగం?"

"రాక్షసుడి ప్రాణం చిలకలో ఉందన్నారు. ఆ చిలకకి జలుబు చేస్తే వీడు తుమ్ముతాడా?"

ఒక మందుల కంపెనీ ఆయన ఈ ప్రశ్నల మధ్య రాక్షసుణ్ణి చంపలేక, "మామ్మగారూ, నాకు చన్నీళ్ళే చాలు" అని బకెట్ ఎత్తుకుని పారిపోయాడు.

ఈ పిచ్చి అంటించింది ఎవరో తెలియని ఒక మనిషి. గది ఖాళీ చేస్తూ దిండు కింద జానపద కథల పుస్తకం మరిచిపోయాడు. దాని కోసం ఎవరూ తిరిగి రాలేదు. దుప్పట్లు మడతపెడుతూ, మడతకొక పేజీ చొప్పున అమ్మమ్మ దాన్ని పూర్తిచేసింది. తర్వాత లైబ్రరీలో అలాంటివి ఉన్న బీరువా మీద పడింది. ఆ తర్వాత, ఇన్ని తిన్నదాన్ని ఒకటి వండలేనా అనుకుని తనే రాయడం మొదలుపెట్టింది.

లైబ్రరీవాళ్ళు ఏడాదికొకసారి చందాదారుల కథలతో చిన్న పుస్తకం వేస్తారు. అమ్మమ్మ కథ రెండేళ్ళు వరసగా వచ్చింది. అందరి కథల కిందా "రచన" అని ఉంటే, ఆవిడ కథ కింద మాత్రం "సేకరణ" అని వేశారు.

"సేకరణంటే ఏంటే?" అని అడిగింది నన్ను. చదువు పదో తరగతి గుమ్మం దగ్గరే ఆపేసినా, ఇంట్లో నిఘంటువుని నేనే.

"ఏరుకోవడం అమ్మమ్మా."

"నేనేమన్నా చిత్తుకాగితాలు ఏరుకునేదాన్నా?"

లైబ్రేరియన్ దగ్గరికి వెళ్ళి నిలదీసింది. ఆయన నెమ్మదస్తుడు. "మీరు రాసేవన్నీ ఎక్కడో ఉన్న కథలేనమ్మా. అచ్చంగా మీదొకటి తీసుకురండి, రచన అని వేస్తాను" అన్నాడు.

"చిన్నకొడుకుని తీసేసి నడిపివాణ్ణి గెలిపించానుగా!"

ఆయన నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు.

ఇంటికొచ్చాక కలం పక్కన పడేసింది. "రచయిత్రిగారూ, దుప్పట్లు ఆరేయాలి" అని ఎంత గిల్లినా తిరిగి తిట్టలేదు. అప్పుడు నాకు భయం వేసింది. ఆ ఒక్క మాట కోసం ఆవిడ లోపల్లోపల ఎంత ఆశ పెట్టుకుందో తిట్లు ఆగిపోయాకే తెలిసింది.

ఒక పొద్దున పంపుల మెకానిక్ ఒకాయన కథ మొదలుపెట్టాడు. రాజకుమారుడు పరాయి ఊరు వచ్చి, ఊరి చివర ముసలమ్మ ఇంట్లో దిగి, పందెం గెలిచి రాకుమారిని పెళ్ళాడే కథ.

"ఆగు బాబూ. ఆ ముసలమ్మ ఏమయింది?"

"ఏ ముసలమ్మ?"

"అదేమిటయ్యా! ఇన్నాళ్ళూ వండిపెట్టిందిగా వాడికి!"

"ఏమో మామ్మగారూ. కథ కోటకెళ్ళిపోయింది. ఆవిడ అక్కడే ఉండుంటుంది."

"అక్కడే ఉండి ఏం చేస్తుంది?"

ఆయనకు బస్సు వేళయింది. బకెట్ నిండి, పొర్లి, వరసలో వాళ్ళ కాళ్ళు తడిసి, వాళ్ళు గోల పెట్టేదాకా అమ్మమ్మ కుళాయి కట్టలేదు.

"ప్రతి కథలోనూ ఉందే ఆవిడ" అంది నాతో. "వాడొచ్చేదాకా కూచునుంటుంది, వెళ్ళగానే మాయం. వాడు పడుకున్న పక్క ఎవరు తీశారే?"

ఆ మధ్యాహ్నమే కలం పట్టింది. ఆవిడ కథలో, రాజకుమారుడు వెళ్ళిన మర్నాడు ముసలమ్మ అలవాటు కొద్దీ రెండు కంచాలు పెట్టింది, ఆ తర్వాతా రోజూ పెడుతూనే ఉంది. ఇరుగుపొరుగు గది చూడడానికి వచ్చారు. వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంటే రాజకుమారుడు జానెడేసి పొడుగయ్యాడు. గుమ్మానికి అతను కట్టివెళ్ళిన బంగారు గంట ఉంది. అతను క్షేమంగా ఉంటే రోజూ దానంతటదే మోగుతుంది. ఒకరోజు మోగలేదు.

లైబ్రేరియన్ ఆ కథ చదివి తల గోక్కున్నాడు. "బాగుందమ్మా. కానీ ఆ గంట ఇదివరకే ఏదో కథలో మోగినట్టుంది."

అమ్మమ్మ ముఖం నల్లబడింది. "నాకలా అనిపించలేదే" అని తనే బీరువా తెరిచింది. ముగ్గురం నేలమీద కూర్చుని పుస్తకాలు తిరగేశాం. ముసలమ్మలు బోలెడంతమంది దొరికారు, మర్నాడు మాత్రం ఒక్కరికీ లేదు. చివరికి అట్ట ఊడిన ఒక పుస్తకంలో, ఒక చెల్లెలి గుమ్మానికి అన్న కట్టిన గంట కనపడింది. చూసింది అమ్మమ్మే.

"మూసెయ్ అమ్మమ్మా, ఆయన చూళ్ళేదు" అని చెవిలో ఊదాను.

"నోర్ముయ్యవే" అని, పేజీ తెరిచి ఆయన ముందు పెట్టింది. "ఇది నాది కాదు బాబూ. కలం ఇలా ఇవ్వండి."

తన కథలో గంట ఉన్న వాక్యాలన్నీ కొట్టేసింది. దాంతో చిక్కొచ్చింది. గంట లేకపోతే అతని క్షేమం ముసలమ్మకు ఎలా తెలుస్తుంది? అమ్మమ్మ కలం మూత నములుతూ కూర్చుంది. లైబ్రేరియన్, నేను ఆ మూతవైపే చూస్తున్నాం. ఉన్నట్టుండి గబగబా రాసి కాగితం ఆయనవైపు తోసింది.

కోట వైపు నుంచి ఒక గడ్డిమోపువాడు వస్తుంటే ముసలమ్మ ఆపి, "మా రాజకుమారుడు బాగున్నాడా?" అని అడిగింది. "ఏ రాజకుమారుడు? కోటలో నలుగురున్నారు" అన్నాడు వాడు. ఎత్తు చెప్పబోయింది, తను పెంచిన ఎత్తు ఏదో అసలు ఎత్తు ఏదో గుర్తురాలేదు. "గురక పెట్టేవాడు" అంది. "ఓ, ఆయనా! నిన్న కూడా కోటంతా లేచి కూర్చుంది" అన్నాడు వాడు. ముసలమ్మ లోపలికి వెళ్ళి ఒక కంచం తీసేసింది.

లైబ్రేరియన్ పకపకా నవ్వి, చివరి వాక్యం దగ్గర ఆగిపోయాడు. "ఇదెక్కడిదమ్మా?"

"ఎక్కడిదీ కాదు. వెళ్ళిపోయినవాళ్ళ ముఖాలు నాకు గుర్తుండవు బాబూ. గురకలు గుర్తుంటాయి."

కాగితం అడుగున ఆయన అలవాటుగా ముందే "సేకరణ" అని రాసి ఉంచాడు. దాన్ని కొట్టేసి పక్కన "రచన" అని రాశాడు. అమ్మమ్మ కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది.

"ఇంకాస్త లావుగా రాయండి. ప్రెస్సువాడికి నేనంటే పాత మాటే అలవాటు."

ఆయన దాని మీదే మళ్ళీ దిద్దాడు.