అద్దాల దేవిడీ రిపోర్టు

కరోనా తగ్గిన మరుసటి వేసవిలో నారాయణగూడలోని ఒక పాత దేవిడీ భవంతి కాలిపోయింది. నవాబుల కాలం నాటి టేకు మెట్లు, కిటికీలకు రంగు అద్దాలు. చిక్కడపల్లిలో ఆటో ఎక్కి ‘అద్దాల దేవిడీ’ అంటే చాలు, దింపేవారు. మనుషులకేమీ కాలేదు గానీ చివరకు మసిబారిన గోడలే మిగిలాయి. నేను స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని. మంట ఎలా మొదలైందో తేల్చమని బీమా కంపెనీ నన్ను పంపింది.

నేను ఒప్పుకోకుండా ఉండాల్సింది. అంతకు రెండేళ్ళ ముందు ఆ దేవిడీ మరమ్మతు పనికి నేనూ దరఖాస్తు పెట్టాను. అది నా కాలేజీ స్నేహితురాలు రాధికకు దక్కింది. కాలేజీలోనూ అంతే. ఆమె డ్రాయింగ్ పక్కన పెట్టగానే నాది ఎవరికీ కనిపించేది కాదు. ఆ మెట్ల మీద నిలబడిన ఆమె ఫోటో పేపర్లో వచ్చిన రోజు, అశోక్‌నగర్‌లోని మా ఆఫీసులో ఎవరూ చూడకుండా ఆ పేపర్ దాచేశాను. ఈ సంగతులేవీ కంపెనీకి చెప్పలేదు.

మొదటిరోజే లిన్‌సీడ్ నూనె డబ్బాలు కనిపించాయి. పాత టేకుకు పట్టించే నూనె అది. ఆ నూనె గుడ్డలు కుప్పగా పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోవచ్చు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నాకు సంతోషం వేసింది. సాయంత్రానికల్లా ‘మరమ్మతు సిబ్బంది అజాగ్రత్త’ అని డ్రాఫ్ట్ రాసేశాను.

మర్నాడు కొలతలకు వెళితే రాధిక బూడిదలో కూర్చుని అద్దం ముక్కలు ఏరుతోంది. వాచ్‌మన్ యాదయ్య ఆమెకు చాయ్ తెచ్చి ఇచ్చాడు. నన్ను అడగనైనా లేదు. అదీ గుచ్చుకుంది నాకు.

“రిపోర్టు నువ్వే రాస్తున్నవంట,” అంది రాధిక. “మంచిగైంది. నువ్వైతే సరిగ్గ చూడకుండ ఒక్క ముక్క గూడ రాయవు.”

యాదయ్యను పక్కకు పిలిచి, నూనె గుడ్డలు ఎక్కడ పడేసేవారని అడిగాను.

“పడేసుడు ఏంది మేడం? అక్క దగ్గరుండి నీళ్ళ డ్రమ్ముల నానబెట్టిచ్చేది. డ్రమ్ము గేటు కాడనే ఉంది, చూడుండ్రి. కరెంటు బోర్డు మార్చుమని ఓనర్లకు మూడుసార్లు చెప్పింది. ఇనలే.”

డ్రమ్ములో గుడ్డలు ఇంకా నానుతూనే ఉన్నాయి. అప్పుడు చార్ డెప్త్ తీశాను. అంటే కట్టె ఎంత లోతు బొగ్గయిందో కొలవడం. డబ్బాల దగ్గర పైపైనే కాలింది. మెట్ల కింద బోర్డు దగ్గరే అన్నిటికన్నా లోతు. అక్కడి వైర్ల చివర్లలో రాగి కరిగి చిన్న పూసలు కట్టింది. షార్ట్ సర్క్యూట్ గుర్తు అది.

డ్రాఫ్ట్ చింపేశాను. కారణం కరెంటు బోర్డని రాసి, చివర ఒక పేరా చేర్చాను: ‘ఈ మరమ్మతు పనికి నేనూ పోటీ పడ్డాను. ముందే చెప్పాల్సింది. కావాలంటే ఇంకొకరితో సరిచూపించుకోండి.’ వాళ్ళు చూపించుకున్నారు. కారణం మారలేదు. నన్ను మాత్రం మళ్ళీ పిలవలేదు.

రాధిక ఫోన్‌లో ఏడ్చింది. “దేవిడీ ఎట్లాగూ పోయింది. నా పేరన్న నిలబెట్టినవ్,” అంది. చింపేసిన కాగితం సంగతి ఆమెకు ఇప్పటికీ చెప్పలేకపోయాను.

ఏ పని వచ్చినా ఇప్పుడు ముందు ఒకటి చూసుకుంటాను. అందులో ఉన్నవాళ్ళెవరి మీదైనా నాకు కడుపుమంట ఉందా అని. ఉంటే తప్పుకుంటాను. మొన్న కోఠిలో రాధిక బాగుచేసిన ఒక పాత హాలు పైకప్పు పరీక్షించమని అడిగారు.

నా వల్ల కాదన్నాను.