అత్తగారు తిప్పిన నాబ్

మొన్న అమెరికాలో, కమ్మింగ్ ఊళ్ళో మా అబ్బాయి, గరాజ్‌లో బీరు పులియబెట్టే ఫ్రిజ్‌కి టెంపరేచర్ కంట్రోలర్ కొంటూ, డిజిటల్‌ది తీసుకోనా, నాబ్ తిప్పే పాతరకం తీసుకోనా అని ఫోన్ నా ముందు పెట్టేసరికి, వాడికేం తెలుసు పాపం, నాకు పాత సంగతంతా కళ్ళముందు తిరిగింది.

అప్పటికి వాడింకా పుట్టలేదు. సన్నీవేల్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం, ఆఫీసు మిత్రుడొకడు నాకు ఇంట్లో బీరు కాచే పిచ్చి అంటించాడు. పాత ఫ్రిజ్ ఒకటి బాల్కనీలో పెట్టి, అందులో బీరు పీపా దించి, ఫ్రిజ్ ప్లగ్గుకి నాబ్ తిప్పే మెకానికల్ కంట్రోలర్ తగిలించాను. డిజిటల్‌దైతే కరెంటు పోయి వస్తే పెట్టిన అంకె మర్చిపోతుంది, నాబ్ అయితే పెట్టిన చోటే ఉంటుందని అతగాడి వాదన. నిజమే, ఎవరూ తిప్పనంత కాలం ఉంటుంది! అరవై ఐదు ఫారెన్‌హీట్ దగ్గర పెట్టాను గానీ, లోపల అసలెంతుందో చూపించే తెర లేదాయె, నాలాంటి పిరికివాడికి మనశ్శాంతి ఎక్కడిది, అది టక్‌మని ఆన్ అయ్యే చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చునేవాణ్ణి, వినబడకపోతే తలుపు తీసి పీపా తడిమి చూసేవాణ్ణి. కడుపుతో ఉన్నది నేనా, ఆ ఫ్రిజ్జా అని మా ఆవిడ ఎత్తిపొడిచేది.

పురిటికి అత్తగారు తెనాలి నుంచి వచ్చాక ఆ నవ్వులూ పోయాయి. తాగుడు వల్ల మామగారిని పోగొట్టుకున్న మనిషి, అల్లుడికి ఆ అలవాటు లేదని పదిమందినీ విచారించి మరీ పిల్లనిచ్చారు. సంగతి తెలిస్తే మర్నాడే విమానం ఎక్కేస్తారని, తొలికాన్పుకి తల్లి పక్కన లేకపోతే తనవల్ల కాదని మా ఆవిడ వణికిపోయి, పీపాలో ఉన్నది కాళ్ళవాపులకి బార్లీ అని చెప్పేసింది. బార్లీయే కదా మరి, అబద్ధమూ కాదు! పారబోద్దామంటే ఆ కంపుకి అసలు సంగతి బయటపడుతుందని భయం. అత్తగారు బాల్కనీ వైపు అడుగు వేసినప్పుడల్లా ప్రాణాలు అరచేతిలో పెట్టుకునేవాణ్ణి.

ఎండలు మండిపోతున్న ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చూద్దును కదా, నాబ్ వేడి వైపు చివరిదాకా తిరిగి ఉంది, ఫ్రిజ్ ఆగిపోయి ఉంది, తలుపు తీస్తే కుళ్ళిన అరటిపళ్ళ వాసన! ఇడ్లీపిండిలాగే వెచ్చగా ఉంటే బాగా పులుస్తుందని అత్తగారే తిప్పి ఉంటారు, పెద్దావిడకి ఏం తెలుసులే అని సరిపెట్టుకుంటూ వెనక్కి తిరిగితే, గుమ్మంలో ఆవిడే నిలబడి ఉన్నారు.

"ఆ వాసన ఎరగనిదాన్నా బాబూ? వచ్చిన రోజే తెలిసింది. మీ మామగారిని ఆపలేకపోయాను. దీన్నైనా ఆపుదామని నేనే తిప్పాను. అమ్మాయితో అనకండి, కంగారుపడుతుంది."

అంతే, లోపలికి వెళ్ళి కూతురి కాళ్ళు ఒత్తుతూ కూర్చున్నారు. విమానం మాటే ఎత్తలేదు. మనవణ్ణి చేతుల్లోకి తీసుకుని, వీసా గడువు ఆఖరిదాకా ఉండి వెళ్ళారు. నేను మళ్ళీ బీరు జోలికి పోలేదు. ఇప్పుడు ఆవిడ లేరు.

అబ్బాయికి డిజిటల్‌దే కొనుక్కోమన్నాను. అంకె ఫోన్‌లోకే వచ్చేస్తుంది, పైగా లాక్ కూడా ఉందట, ఇంట్లోవాళ్ళెవరూ మార్చలేరట. వాడికి అదే నయం, నాలా హడలి చావక్కర్లేదు. నా బెంగల్లా ఒకటే, అన్నీ తెలిసి కూడా వెళ్ళిపోకుండా, అంత హక్కుగా చెయ్యి చాచి తిప్పేసే మనిషి ఇప్పుడు ఏ ఇంట్లో ఉన్నారని!