మూడో సీసా

మా చెల్లెల్ని చిన్నప్పటి నుంచీ బొంగరం అంటాం. కూర్చున్న చోట కూర్చోదు. తింటూ తింటూ లేచి కిటికీలోంచి చూసొస్తుంది, మాట్లాడుతూ మాట్లాడుతూ వీధిలోకి వెళ్లిపోతుంది. అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం చూడండి: చీకటి పెట్టెలో సీసాలు పెట్టి, రంగు వచ్చేదాకా కాచుక్కూర్చోవడం. దేవుడికి వేళాకోళం ఎక్కువ.

కాలేజీ నేలమాళిగలో దాని గది. గాజు తొట్ల నిండా తోకకప్పలు. లేత తోకకప్పకు మత్తిచ్చి వెనకకాలి మొలక కత్తిరిస్తే, వేళ్లతో సహా కాలు మళ్లీ వస్తుంది. అదే ముదిరాక కత్తిరిస్తే మొండి మిగులుతుంది, మహా అయితే ఓ పుల్ల పొడుచుకొస్తుంది.

"రెండింట్లోనూ జీన్లు అవే అక్కా. లేతదాంట్లో కాలు కట్టే జీను మళ్లీ పనిలోకి దిగుతుంది. ముదురుదాంట్లో కొంచెమైనా కదులుతుందా, అసలు లేవనే లేవదా? అది తేలాలి," అని నా వంటగదిలో అటూ ఇటూ తిరుగుతూ చెప్పేది. నా గిన్నెలు దాని మోచేతికి తగిలి కిందపడేవి.

ఆ జీను పనిచేస్తున్న చోట మాత్రమే అతుక్కునే మందు ఒకటి వేస్తారట. తరవాత రంగునీళ్లు పోస్తే అక్కడ ఊదారంగు తేలుతుంది. ముందే ఆపేస్తే రంగు రాదు. ఆలస్యం చేస్తే పని ఉన్న చోటా లేని చోటా అంతా ఊదాయే. అందుకని లేతదానికో సీసా, ముదురుదానికో సీసా పెట్టాక, మూడో సీసాలో ఎక్కడా అతుక్కోని ఉత్తుత్తి మందు వేస్తారు. అందులో రంగు రాకపోతేనే మిగతా రెండింటినీ నమ్మాలి. మా బొంగరం ఎప్పుడూ ఆత్రం పట్టలేక ముందే తీసేసి, ఆ గది చూసే పెద్దాయన చేత చీవాట్లు తిని, మళ్లీ మొదలుపెట్టేది.

ఈ తాపత్రయమంతా కప్పల కోసమని అక్కడివాళ్లు అనుకుంటారు. కాదు. మా మరిదిది, అంటే దాని మొగుడిది, పుస్తకాల బైండింగు పని. కాగితాలు కోసే మిషను అతని కుడిచేతి చివరి రెండు వేళ్లూ తీసుకుపోయింది. ఇప్పుడు కౌంటరు దగ్గర కూర్చోబెట్టారు. మా బొంగరం కంచం ముందు కూడా ఆ చేతి వంకే చూస్తుంది.

"నా చేతి గొడవ వదిలెయ్యవే. నేనేమన్నా కప్పనా?" అని అతను చెయ్యి జేబులో పెట్టుకుని లేచిపోతాడు. అతనికి ఆశ లేదని నేనూ అనుకున్నాను, అదీ అనుకుంది.

మొన్న సెలవురోజున వాళ్లింట్లో కూరలు తరుగుతున్నాను. వాళ్ల పైవాటాలోనే మా కాపురం. మరిది ఫోను మోగింది.

"ఏమండీ, వచ్చింది! ముదురు మొండిలో కూడా రంగొచ్చింది!" దాని కేక నాక్కూడా వినబడింది.

"సరే," అని పెట్టేశాడు.

బీరువా తెరిచి కొత్త తువ్వాలు తీశాడు. కుళాయి దగ్గర కుడిచెయ్యి సబ్బుతో తోమి తోమి కడిగి, ఒత్తుకుని, కిటికీ వెలుతురులో పెట్టుకుని చూశాడు. వేళ్లు పోయిన చోటు తడుముకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. ఆ పూట బొంగరం అతనే.

"వదినా," అన్నాడు నా వైపు చూడకుండా, "వేలు మళ్లీ మొలిచేటప్పుడు నొప్పి ఉంటుందంటారా?"

నా చేతిలో కత్తి ఆగిపోయింది. దాన్నే అడగండి అన్నాను. దాని మీద పట్టరాని కోపం వచ్చింది.

సాయంత్రం అది వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. చెప్పులు కూడా విప్పలేదు.

"మూడో సీసా కూడా ఊదాగానే ఉందండీ. అది చూడకుండానే మీకు ఫోన్ చేసేశాను. ఇంకాస్త ఉంచితే వస్తుందేమో, ఇంకాస్త ఉంచితే వస్తుందేమో అని తియ్యకుండా ఉంచాను. అన్నీ రంగెక్కిపోయాయి. అందులో నిజం ఏమీ లేదు."

పుట్టి బుద్ధెరిగాక అది ఓపిక పట్టింది ఆ ఒక్కరోజే.

మరిది నవ్వేశాడు. కుడిచెయ్యి అప్పటికే జేబులోకి వెళ్లింది. "ఓస్, దానికేనా ఆ మొహం? నేను నమ్మితేగా! నీ తొందర నాకు తెలీదూ?"

"హమ్మయ్య. మీరు ఆశ పెట్టుకున్నారేమోనని దారంతా చచ్చిపోయాను."

"నాకా? ఆశా?" అంటూ నా వంక చూశాడు. నేను కూరగిన్నె తీసుకుని పొయ్యి వైపు తిరిగాను.

దాని మొహం తేటపడింది. చెప్పులు ఓ మూలకి విసిరి, ఈసారి మూడో సీసానే ముందు చూస్తానంటూ, మాట మధ్యలో చేతులు కడుక్కోవడానికి పరిగెత్తింది. కుళాయి దగ్గర ఆగింది.

"బీరువాలో దాచిన కొత్త తువ్వాలు! దీన్నెవరు తడిపారు?"

మరిది తల వంచుకున్నాడు.

"నేనే," అన్నాను.